నాయనమ్మ పీకని మొక్కలు

మంగళగిరి దాటి తాడేపల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఇప్పుడన్నీ నర్సరీలే. మేడ మీద కుండీల్లో టమాటా వేద్దామని మొన్న ఒక నర్సరీకి వెళ్ళాను. పచ్చటి వల పందిరి కింద ప్లాస్టిక్ ట్రేలు, ట్రేల నిండా మొలకలు. అక్కడ పనిచేస్తున్న అమ్మాయి ట్రేల మధ్య వంగి నడుస్తూ అక్కడొకటి ఇక్కడొకటి గోటితో లాగి కింద పడేస్తోంది. ఏమిటా అని చూశాను. ఆమె వేళ్ళ మధ్య ఒక తెల్ల మొలక ఉంది. కాడ తెలుపు, మొదట వచ్చే జంట ఆకులూ తెలుపే. పచ్చ అన్నది చుక్క కూడా లేదు.

"ఆగమ్మా, పారెయ్యకు" అన్నాను.

"ఇది బతకదండీ మేడమ్. తెల్లగా వచ్చినవి వారం కూడా ఉండవు. మంచివి ఇస్తాను, ఉండండి."

"బతకదని నాకూ తెలుసులే. అయినా ఇవ్వు."

నన్నొకసారి ఎగాదిగా చూసి, తడి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. తెచ్చి మంచి కుండీలో, మంచి మట్టిలో పెట్టాను. ఆ అమ్మాయి చెప్పినట్టే వారం తిరక్కుండా పోయింది. పోయిన రోజు పొద్దున కుండీ పక్కన కూర్చుని ఏడ్చాను. మనవలున్న మనిషి మొలక కోసం ఏడవడం చూసి మా ఆయన కాఫీ గ్లాసు గోడ మీద పెట్టి, ఏమీ అడక్కుండా కిందికి వెళ్ళిపోయారు. అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు. నోటితో చెప్పలేనివి కాగితం మీద కాస్త తేలిగ్గా వస్తాయి.

మాది వినుకొండ వైపు ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి ఎడంగా ఉండే పల్లె. మధ్యలో మందిరం, మందిరం చుట్టూ ఇళ్ళు. నల్లరేగడి నేల. వాన పడిందంటే చెప్పులు బురదకి అప్పగించి ఉత్త కాళ్ళతో ఇంటికి రావలసిందే. ఎటు చూసినా పత్తి, మిర్చి. పత్తి తీసే రోజుల్లో మా జడల్లో దూది, మిరపకాయ కోసే రోజుల్లో మా ఒళ్ళంతా ఘాటు. ఆడవాళ్ళు ఎంత స్నానం చేసి వచ్చినా చీర మడతల్లో ఆ ఘాటు ఉండిపోయేది. ఆదివారం మందిరంలో పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకోగానే ఎవరో ఒకరు తుమ్మేవాళ్ళు. ఇక వరస. చివరికి అయ్యగారే ఒక పెద్ద తుమ్ము తుమ్మి ఆమెన్ చెప్పేవారు. పిల్లలం కళ్ళు తెరుచుకుని ఆ తుమ్ము కోసమే కాచుకుని ఉండేవాళ్ళం.

మా నాయనమ్మ, అంటే నాన్న తల్లి, కూలికి వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె పని ఏరడం. కల్లంలో ఎండబోసిన మిర్చిలో తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఆమె ఏరినట్టు ఎవరూ ఏరలేరు. రైతులు నారు పోసినప్పుడు కూడా ఆమెకే కబురు వచ్చేది. మొలకలు పైకి రాగానే తేడా మొక్కలన్నీ తీసెయ్యాలి. రెండాకులకు బదులు మూడాకులతో మొలిచినది, ఆకు చుట్టుకుపోయినది, మొవ్వు లేకుండా మొద్దులా ఆగిపోయినది, తెల్లగా వచ్చినది. నాయనమ్మ గట్టు మీద నడుస్తూనే, మాట్లాడుతూనే వంగి పీకి వెనక్కి విసిరేది. సెలవు రోజుల్లో వెనకే నడిచే నేను జాలిపడి ఒకటి ఏరుకుంటే వీపు మీద చరిచేది.

"దాన్నేం చేసుకుంటావే? పెంచి పెళ్ళి చేస్తావా?"

"పాపం నాయనమ్మా, మూడాకులే కదా ఉంది."

"పాపం పుణ్యం గుళ్ళో. మళ్ళో కాదు. అవిటిది ఒకటుంటే దానికి పోసిన నీళ్ళు దండగ."

ఇంట్లోనూ అదే చెయ్యి, అదే నోరు. ఆ నోటికి రోజూ దొరికేది మా అమ్మ.

అమ్మది ప్రకాశం వైపు, పొగాకు కాల్చే బ్యారన్లున్న ఊరు. సన్నటి మనిషి, మంచి రంగు. కాపరానికి వచ్చిన కొత్తలో నాయనమ్మ ఆ రంగు చూసి పల్లె పల్లెంతా చెప్పుకుందట, మా కోడలు దొరసానిలా ఉంటదని. అమ్మ మందిరంలో పాట ఎత్తుకుంటే మగవాళ్ళ వైపు నుంచి దగ్గులు కూడా ఆగిపోయేవి. కానీ నాకు గుర్తున్న అమ్మ అప్పటికే పాట మధ్యలో ఊపిరి కోసం ఆగేది. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని బోరింగు నుంచి ఇంటికి వచ్చేలోపు గోడకి ఆనుకుని నిలబడేది. గోళ్ళు కాగితాల్లా ఉండేవి. నా పలక బలపాలు మాయమవుతుండేవి. తమ్ముడే కాజేస్తున్నాడని వాణ్ణి గిల్లేదాన్ని. ఒకనాడు పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ నోట్లోంచి కరకర వినిపించింది. తినేది అమ్మే.

"ఎవరికీ చెప్పకే" అంది అమ్మ, నవ్వుతూ. "నోరు ఆగట్లేదు. కొత్తది కొనిపెడతాలే."

అది ఏ జబ్బు లక్షణమో నాకిప్పుడు తెలుసు. అప్పుడు మా ఇంట్లో దానికి పెట్టిన పేరు నాజూకు. "నీళ్ళు తేవడానికి ఆయాసమంట, వినండమ్మా" అని నాయనమ్మ అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి చెప్పేది. "నేను నిండు కడుపుతో కాయ కోశా. దీనికి కూర్చుంటే నడుం నొప్పి, లేస్తే కళ్ళు తిరుగుడు. గుప్పిళ్ళతో బియ్యం బొక్కుతా ఉంటే పాలిపోక ఏమవుద్ది?" అమ్మ తిరిగి ఒక్క మాట అనేది కాదు. అదీ తప్పే అయ్యేది. నోట్లో నాలుక లేదనేది నాయనమ్మ.

ఒకసారి ఊళ్ళో ఒక రైతు హైబ్రిడ్ టమాటా అనే కొత్త విత్తనం తెచ్చి నారు పోశాడు. నాట్లకి మా నాయనమ్మ ముఠా వెళ్ళింది, అందులో అమ్మా ఉంది. పని అయ్యాక గట్టు మీద మిగిలిపోయి వాడుతున్న మొక్కల్లో ఒకటి అమ్మ తడి కొంగులో చుట్టుకుని తెచ్చింది. దొడ్లో స్నానాల బండ నుంచి నీళ్ళు పారే చోట నాటింది.

"పొద్దుగూకులూ కూలికెళ్ళి కాడ తెచ్చింది మహాతల్లి" అంది నాయనమ్మ.

ఆ కాడే నడుం ఎత్తు పెరిగి, కర్రలు పాతినా ఆగకుండా వాలిపోయేంత కాసింది. కాయ గుండ్రంగా ఉండి, ముచ్చిక దగ్గర మాత్రం కాస్త పచ్చగా మిగిలేది. నేనూ తమ్ముడూ దోరకాయలు కోసుకుని బండ మీద ఉప్పూ కారం పెట్టుకుని తినేవాళ్ళం. దొరక్కుండా ఉండడానికి ఒక కాయని మేకుతో పొడిచి చెట్టుకే వదిలేసేవాళ్ళం, ఉడత కొరికిందని అమ్మ అనుకోవాలని. అమ్మ ఆ కాయని చూసేది, బండని చూసేది. "మన ఉడతకి ఉప్పూ కారం కూడా కావాల్సొచ్చిందే" అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదు.

అమ్మ ఆ కాయలతో రోటి పచ్చడి చేసేది. ఎండుమిర్చి నూనెలో వేగుతుంటే పక్కింటి వాళ్ళూ దగ్గేవాళ్ళు. టమాటాలు మగ్గాక వెల్లుల్లి, జీలకర్ర, కాస్త చింతపండు వేసి నూరేది. పచ్చడి గిన్నెలోకి తీశాక రోట్లో అంటుకున్న దానిలోనే వేడి అన్నం వేసి చేత్తో తిప్పి, ముద్దలు చేసి తమ్ముడికి పెట్టేది. వాడు మామూలుగా అన్నం కంచం చూస్తే పారిపోయే రకం. ఆ రోటి ముద్దలకి మాత్రం నోరు తెరుచుకుని నిలబడేవాడు. నాయనమ్మ ప్రతిసారీ "ఉప్పు ఎక్కువేసింది" అంటూ రెండోసారి వేసుకునేది. మర్నాడు పొలానికి సద్ది కట్టుకునేటప్పుడు గిన్నె అడుగు వరకూ గీకి పెట్టుకునేది. బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

మిరప కోతల్లో అమ్మ చేలో పడిపోయింది. ఎండకి అనుకున్నారు. నీళ్ళు చల్లారు, ఉల్లిపాయ వాసన చూపించారు. లేవలేదు. రైతు ట్రాక్టరు మీద వినుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాన్నా, నాయనమ్మా కూడా వెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ అమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, తలెత్తి అడిగిందట.

"ఒంట్లో రక్తమే లేదు. ఇంత తెల్లగా అయ్యేదాకా ఇంట్లో ఒక్కరూ చూడలేదా?"

ఆ మాట నాన్న చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పాడు. అది విన్నప్పుడు నాయనమ్మ మంచం కాళ్ళ వైపు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉందట. వెంటనే గుంటూరు తీసుకెళ్ళమన్నారు. గుంటూరు చేరకముందే అమ్మ పోయింది.

అమ్మని మందిరం ముందు పెట్టినప్పుడు పల్లె అంతా ఏడ్చింది, నాయనమ్మ ఏడవలేదు. అత్త కదా, ఎందుకు ఏడుస్తుంది అని ముఠా ఆడవాళ్ళే చెవులు కొరుక్కున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆమెని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

తమ్ముడికి అమ్మ పోవడమంటే ఏమిటో తెలిసే వయసు కాదు. వాడు అన్నం మానేశాడు. అయ్యగారి భార్య, అమ్మగారు అనేవాళ్ళం, గిన్నెలో పాయసం తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా మూతి తిప్పేశాడు. పొద్దున్నే లేచి రోలు పక్కన కూర్చునేవాడు. అప్పుడు నాయనమ్మ దొడ్లోకి వెళ్ళి అమ్మ చెట్టు కాయలు కోసుకొచ్చి, అమ్మ చేసినట్టే పచ్చడి నూరి, రోట్లో అన్నం తిప్పింది. వాడు అనుమానంగా వాసన చూసి, నోరు తెరిచాడు. చెట్టుకి కాయలున్నంత కాలం వాడు అలా బతికాడు. కాయలు తగ్గుతున్నాయి. ఎండలు ముదిరాయి. చెట్టు కింద ఆకులు పండిపోయాయి.

నాయనమ్మ ఉన్నవాటిలో మంచి కాయలు చెట్టునే బాగా పండనిచ్చి కోసింది. వాటిని పిండి, గింజల్ని బూడిదలో కలిపి, అమ్మ పాత చీర ముక్క మీద నీడలో ఆరబెట్టింది. అది మూట కట్టి ఉట్టి మీద పెడుతూ తమ్ముణ్ణి పిలిచింది.

"అయ్యా, ఇటు చూడు. మీ అమ్మ చెట్టు ఎండిపోద్ది. ఏడవమాక. విత్తనం తీశా. వానలు పడంగానే పోస్తా. మీ అమ్మ కాయ మళ్ళీ వచ్చిద్ది. అదే కాయ, అదే పచ్చడి. నాది పూచీ. అందాకా ఏది పెడితే అది తింటావా?"

వాడు తలూపాడు. ఆ మాట మీద వాడు వేసవంతా పప్పన్నం తిన్నాడు, మజ్జిగన్నం తిన్నాడు. ఒక్క మెతుకు వదలకుండా, ఒద్దికగా తిన్నాడు. నాయనమ్మ మాట ఇచ్చిన విత్తనం మాట నిలబెట్టుకునే రకం కాదని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎప్పుడూ నాటు విత్తనాలు దాచుకుని పోసిన చెయ్యి అది. వంకాయ గింజ వేస్తే ఆ వంకాయే వస్తుంది, సొర వేస్తే ఆ సొరే. హైబ్రిడ్ అన్న మాట ఆమెకి ఒక బ్రాండు పేరులా వినిపించిందంతే.

తొలకరి పడగానే బండ పక్కన చాప వెడల్పు మడి చేసి గింజలు పోసింది. తమ్ముడు పొద్దున లేవగానే ముఖం కడక్కుండా అక్కడికే పరిగెత్తేవాడు. మొలకలు వచ్చాయి. చూస్తే అవి ఒక తల్లి పిల్లల్లా లేవు. కొన్ని ఊదా కాడలు, కొన్ని పచ్చ కాడలు. ఒకదానికి మూడాకులు. ఒకటి రెండాకులు విప్పి మొవ్వు లేకుండా ఆగిపోయింది. ఒకదాని ఆకు బంగాళాదుంప ఆకులా వెడల్పు. మధ్య మధ్యలో తెల్లవి.

నాయనమ్మ మడి పక్కన గొంతుక్కూర్చుంది. ఆ చెయ్యి అలవాటుగా మూడాకుల దాని మీదికి వెళ్ళి కాడ పట్టుకుంది. అక్కడే ఆగిపోయింది. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను.

"పీకవా నాయనమ్మా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎట్టా పీకనే? వీటిల్లో మీ అమ్మ ఏదో నాకేం తెలుసు?"

నా కోపం ఆ రోజే సగం పోయింది. సగం ఇంకా చాలా ఏళ్ళు ఉంది.

ముఠా ఆడవాళ్ళు దొడ్లోకి తొంగి చూసి ఆశ్చర్యపోయారు. "ఏందత్తా, చూపు ఆనట్లేదా? మడి నిండా తాలు ఉంది" అంది ఒకామె. "ఆనుద్ది. నీ పని చూసుకో" అంది నాయనమ్మ. పల్లె మొత్తానికి అది కొన్నాళ్ళు నవ్వులాట అయింది, తర్వాత మర్చిపోయారు.

ఆమె ధ్యాస అంతా తెల్లవాటి మీదే. అవి బతకవని ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అయినా ఎండ తగలకుండా గంప బోర్లించేది. పొద్దు వాలాక గంప తీసి గాలి ఆడనిచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. ఆదివారం మాంసం తెచ్చినప్పుడు అది కడిగిన నీసు నీళ్ళు పోసింది. ఇవేవీ పని చెయ్యలేదు. అప్పుడొక రోజు మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, తుప్పుపట్టిన పాలపొడి డబ్బా దింపింది. మూత తీసి చీర చెంగులో వంచితే గలగలమంటూ ఎర్ర మాత్రలు రాలాయి. ఎన్నో ఉన్నాయి.

"ఏంటివి నాయనమ్మా?"

"మీ అమ్మయ్యి."

తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ నెలనెలా ఇచ్చిన మాత్రలవి. రక్తం పట్టడానికని ఇచ్చింది. మొదటి రోజులు అమ్మ వేసుకుందట. మలం నల్లగా వస్తోందని అత్తకి చెప్పింది. అంతే, నాయనమ్మ బెదిరిపోయింది. లోపలంతా నల్లబడిపోద్ది, బిడ్డ బొగ్గులా పుట్టుద్ది అని డబ్బాలో పోసి అటకెక్కించింది. నర్సమ్మ వచ్చి అడిగినప్పుడల్లా వేసుకుంటోందని ఆమే చెప్పింది. మా పల్లెలో అప్పుడు ఇలా మాత్రలు అటకెక్కించని ఇల్లు లేదు. తమ్ముడు నిజంగానే తెల్లగా పుట్టాడు. నాయనమ్మ వాణ్ణి ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించింది. ఆ బలపాలు నమిలిన రోజులన్నీ ఆ మాత్రలు అమ్మ తల మీదే, అటక మీద ఉన్నాయి.

నాయనమ్మ వాటిని రోట్లో వేసి నూరింది. నీళ్ళు కలిపితే ఇటుక రంగులోకి తిరిగాయి. ఆ నీళ్ళు గరిటెతో ఒక్కొక్క తెల్ల మొలక మొదట్లో పోస్తూ, "తాగు, తాగమ్మా" అంటోంది. మా అమ్మని ఆమె అమ్మా అని పిలవడం నేనెన్నడూ వినలేదు. నాన్న పొలం నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"అమ్మా, ఇంక చాల్లే" అన్నాడు.

"నువ్వు లోపలికి పో" అంది నాయనమ్మ, తిరిగి చూడకుండా.

తెల్ల మొలకలు ఆ వారంలోనే ఒక్కొక్కటి వాలిపోయాయి. కాడల చుట్టూ మట్టి ఎర్రగా ఉండిపోయింది. ఆ రోటిని ఆమె ఎన్ని నీళ్ళతో కడిగిందో చెప్పలేను.

మిగిలిన మొక్కలన్నీ దొడ్డి నిండా నాటింది. మొవ్వు లేనిదాన్ని కూడా. అదొక్కటీ తప్ప మిగతావి పెరిగి కాశాయి. ఒక చెట్టుకి కోలకాయలు, ఒకదానికి ఉసిరికాయంతవి, ఒకటి పండినా పసుపు రంగు దాటదు, ఒకటి పులుపు, ఒకటి ఉత్త నీరు. మూడాకులతో మొలిచిన దానికి అన్నిటికంటే ఎక్కువ కాశాయి, కానీ తోలు మందం. అమ్మ కాయకి కాస్త దగ్గరగా ఉన్నవి ఏరి నాయనమ్మ పచ్చడి చేసింది. ఎండుమిర్చి వేగింది, పక్కింట్లో దగ్గు వినిపించింది. రోట్లో అన్నం తిప్పింది. నాన్న ఆ రోజు పనికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉన్నాడు.

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. మింగాడు.

"ఇది అమ్మది కాదు" అన్నాడు.

"అదేరా. అదే విత్తనం. తిను" అన్నాడు నాన్న.

"కాదు. ఇది వేరేది." వాడు ఏడవలేదు, అలగలేదు. బస్సు గురించి అడిగినట్టు అడిగాడు. "అమ్మది ఎప్పుడొస్తది నాయనమ్మా?"

నాయనమ్మ చేతిలో ఇంకో ముద్ద ఉంది. దాన్ని మెల్లగా రోట్లో పెట్టేసింది. ఆ పచ్చడి చేత్తోనే నెత్తి కొట్టుకుంది. చావు నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "ఇంకెక్కడొస్తది నాయనా, బంగారమంటి పిల్లని తాలనుకున్నానురా, చేతులారా పారేసుకున్నానురా" అంటూ రోలు పట్టుకుని ఊగిపోయింది. నాన్న లేచి వెళ్ళి ఆమె తల పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. కారం కళ్ళలోకి పోయి ఆమెకి కళ్ళు తెరుచుకోవడం లేదు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగాను. తమ్ముడు బెదిరిపోయి, రోట్లో ఉన్న ముద్ద తనే తీసుకుని తినేశాడు. "బాగుంది నాయనమ్మా, తింటున్నా చూడు" అన్నాడు. వాడు ఆ తర్వాత ఎప్పుడూ అన్నానికి పేచీ పెట్టలేదు. అదీ బాధే.

ఆ ఏడు మందిరంలో కోతపండుగ జరిగింది. ఇంటింటి నుంచీ తొలి పంట తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. మిరపకాయలు, గుమ్మడికాయలు, పత్తి గోతాం, జొన్న కంకులు. ఏటా ముందు వరసలో గంప దించే నాయనమ్మ ఆసారి ఉత్త చేతులతో వచ్చింది. అమ్మగారు మెల్లగా అడిగింది, "దొడ్లో టమాటాలు బాగా కాశాయటగా, దేవుడికి ఒక గంప తేలేదేం?"

"ఆయన తీసుకున్నది చాలు అమ్మగారూ" అంది నాయనమ్మ. అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆరాధన అయ్యేదాకా వదల్లేదు.

అక్కడితో ఆమె మానేసిందనుకుంటే పొరపాటు. ప్రతి ఏడూ అన్ని చెట్ల నుంచీ గింజ తీసేది. ప్రతి తొలకరికీ పోసేది. ప్రతిసారీ కొన్ని తెల్లవి వచ్చేవి. ప్రతిసారీ గంప బోర్లించేది. కాయలు వచ్చాక ఒక్కొక్కటే కొరికి చూసి "ఇది కాదు" అని పక్కన పెట్టేది. ఏళ్ళు గడిచాయి. ఒకసారి తమ్ముడు, అప్పటికి మీసం మొలుస్తోంది వాడికి, నన్ను అడిగాడు. "అక్కా, అమ్మ పచ్చడి అసలు ఎట్టా ఉండేదే?" చెప్పబోయి ఆగిపోయాను. కాయ రూపం గుర్తుంది, ముచ్చిక దగ్గర పచ్చదనం గుర్తుంది. రుచి లేదు. నోట్లో ఎంత వెతికినా లేదు. ఒకవేళ ఆ కాయే మళ్ళీ కాసినా ఇది అదే అని చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు క్లాసులో చెప్పారు, సంకర జాతి, అంటే హైబ్రిడ్ మొక్క గింజలు వేస్తే తల్లి రాదని, పిల్లలన్నీ ఒక్కోటి ఒక్కో తీరుగా చెదిరిపోతాయని. ఆ తెల్లదనం కూడా పచ్చటి మొక్కల లోపలే దాగి తరతరానికీ బయటపడుతుందని, దాన్ని ఏ ఎరువూ మార్చలేదని. ఆ రోజు హాస్టలుకి వెళ్ళి అన్నం తినలేదు. సెలవులకి ఇంటికి వెళ్ళాను, ఎలాగైనా చెప్పి ఈ వెట్టి ఆపించాలని. నాయనమ్మ గింజలకి బూడిద పడుతోంది. "నాయనమ్మా, నీకొకటి చెప్పాలి" అన్నాను. "చెప్పు" అంది, తలెత్తి. "నీడలోనే ఆరబెట్టు" అన్నాను. "ఆ మాత్రం నాకు తెలీదటే" అంది.

చివరి ఏడాది ఆమెకి చూపు పోయింది. నాన్నే మడి చేసి గింజలు పోశాడు. నాకు బడిలో ఉద్యోగం వచ్చి, సెలవు దొరికి వెళ్ళేసరికి మొలకలు పైకి వచ్చి ఉన్నాయి. నాయనమ్మ నన్ను ఆనుకుని దొడ్లోకి వచ్చి మడి పక్కన కూర్చుంది. మడిని ఏరిన కళ్ళవి, ఇప్పుడు నా వైపు తిరిగి అడుగుతున్నాయి.

"తెల్లయి ఎన్నొచ్చినయ్యే ఈసారి?"

ఆమె మోకాలి పక్కనే మూడో నాలుగో ఉన్నాయి.

"ఒక్కటీ రాలేదు నాయనమ్మా."

"సరిగ్గా చూడవే. ఆకుల కింద చూశావా?"

"చూశాను. అన్నీ పచ్చగా ఉన్నాయి."

"అయితే పిల్లకి రక్తం పట్టింది" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మడి మీద చెయ్యి చాపి మొలకల తలలు ఒక్కొక్కటి వేళ్ళతో తడుముతూ వచ్చింది. చెయ్యి ఒక తెల్లదాని దగ్గర ఆగింది. రెండు వేళ్ళ మధ్య ఆ ఆకుని పట్టుకుని, నలగకుండా, ఎంతో మెల్లగా రాసింది.

"ఇది మెత్తగా ఉందే. ఇదేనేమోనే మీ అమ్మ."

"ఇదే నాయనమ్మా" అన్నాను.

ఆ నారు నాటే అదను వచ్చేసరికి నాయనమ్మ లేదు. అమ్మ పక్కనే పెట్టాం. నాన్న ఆ ఏడు గింజలు తియ్యలేదు.